సమంగా నదిలో అష్టావక్రుడు: వెన్ను బిగిసినవారి నిత్యసాధన

అష్టావక్ర మహర్షి నామం చెవిన పడగానే వేదాంత జిజ్ఞాసువుల మనస్సులో జనక మహారాజు సభ మెదులుతుంది. ఎనిమిది వంకరల దేహంతో బాలుడు సభలో అడుగుపెట్టడం, పండితులు నవ్వడం, తోలును చూసి వెల కట్టేవారు మీరని అతడు వారికి బదులు చెప్పడం ప్రవచనాలలో తరచు వినవచ్చే ఘట్టం. దేహం వేరు, ఆత్మ వేరు అన్న వివేకాన్ని ఇంత సూటిగా అందించే కథ అరుదు. అయితే అరణ్యపర్వంలో లోమశ మహర్షి ధర్మరాజుకు చెప్పిన అష్టావక్రోపాఖ్యానం సభతో ముగియదు. (తోలు ప్రసక్తి నిజానికి అక్కడ లేదు, అది లోకంలో పరంపరగా వచ్చిన కథ.) వాదంలో వంది ఓడిపోతాడు. అతని చేత జలమజ్జితుడైన తండ్రి కహోడుడు వరుణుని యజ్ఞం నుండి తిరిగి వస్తాడు. తండ్రీకొడుకులు ఆశ్రమానికి చేరుకున్న పిమ్మట, తల్లి సమక్షంలో, కహోడుడు కుమారుని సమీపనదిలో దిగమని ఆజ్ఞాపిస్తాడు. అష్టావక్రుడు దిగుతాడు, అవయవాలు సమమవుతాయి, ఆ నదికి సమంగా అన్న పేరు సార్థకమవుతుంది.

ప్రవచనాలలో ఈ చివరి ఘట్టం సాధారణంగా జారిపోతుంది. సభలో జరిగిన దానికి ఇది తీసికట్టుగా తోస్తుంది కాబోలు. కాని ఆలోచించవలసినది ఇక్కడే ఉన్నది. ఆత్మ నిర్వికారమని ఎరిగినవాడే నదిలో దిగాడు. దేహం తాను కాదు గనుక అది ఎలా ఉంటేనేమని ఒడ్డున నిలిచిపోలేదు. దిగమన్న తండ్రి కూడా అతని జ్ఞానాన్ని శంకించలేదు.

ఈ ఘట్టాన్ని ప్రత్యేకించి స్మరించవలసినవారు కొందరున్నారు. వెన్నెముకను, త్రికాస్థి కటి ఎముకలతో కలిసే కీళ్లను పట్టుకొనే దీర్ఘకాలిక శోథవ్యాధి ఒకటి ఉన్నది. వైద్యులు దానిని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. ఎక్స్‌రేలో మార్పులు ఇంకా కనిపించని తొలిదశను కూడా కలుపుకొని యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అన్న విస్తృతనామం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. ఇది వృద్ధాప్యపు అరుగుదల కాదు. సాధారణంగా 45 ఏళ్లలోపే, తరచు ఇరవైలలోనే ఇది ప్రవేశిస్తుంది. హెచ్.ఎల్.ఎ.-బి27 అనే జన్యులక్షణంతో దీనికి గల సంబంధం 1973లో వెల్లడైంది. ఆ లక్షణం ఉన్నవారిలో అత్యధికులకు వ్యాధి ఎన్నటికీ రాదన్నది కూడా అంతే నిజం.

దీని స్వభావం విపరీతమైనది. లోకంలో నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, శ్రమతో పెరుగుతుంది. ఇది విశ్రాంతితో పెరుగుతుంది, కదలికతో తగ్గుతుంది. అపరరాత్రి వేళ నొప్పి నిద్ర లేపుతుంది. తెల్లవారి లేచేసరికి నడుము కొయ్యబారి ఉంటుంది. అరగంటో గంటో అటూ ఇటూ తిరిగితే గాని వదలదు. కొందరికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేని నొప్పి వస్తుంది. అది కండ్లకలక కాదు, అదే రోజు నేత్రవైద్యునికి చూపవలసిన స్థితి. సంవత్సరాలు గడిచేకొద్దీ కొందరిలో వెన్నుపూసల అంచుల వెంబడి కొత్త ఎముక పెరిగి పూసను పూసతో అతికిస్తుంది. అట్టి వెన్ను ఎక్స్‌రేలో కణుపుల వెదురులా కనిపిస్తుంది గనుక వైద్యులు దానిని వెదురు వెన్ను అన్నారు. పక్కటెముకల కీళ్లు కూడా బిగిస్తే ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము విచ్చుకోదు.

యోగశాస్త్రం వెన్నెముకకు మేరుదండమని పేరు పెట్టింది. సుషుమ్నకు అది ఆశ్రయం. ధ్యానానికి కూర్చున్నవాడు మొదట సరిచూసుకోవలసినది దానినే. అటువంటి దండం క్రమంగా ముందుకు ఒరిగి బిగిసిపోతుంటే భక్తుని జీవితంలో కోల్పోయేది ఏమిటో బయటివారికి సులభంగా తెలియదు. అర్చకునికి అభిషేక వేళ వంగడం, గర్భాలయపు గడప దాటడం దినదిన పరీక్షలవుతాయి. తుంటికీలు కూడా పట్టినవానికి పద్మాసనం మాట అటుంచి, నేల మీద కూర్చుని లేవడమే గగనం. సాష్టాంగ నమస్కారం జ్ఞాపకంగా మిగులుతుంది. మెడ వంగి అతుక్కుపోయినవానికి గోపుర శిఖరం కనిపించదు. ఎదుటివాని ముఖం చూడాలన్నా మోకాళ్లు వంచి మొత్తం దేహాన్ని వెనుకకు వాల్చాలి.

ఆస్తిక కుటుంబాలలో ఇటువంటి రోగికి వినవచ్చే మొదటి మాట “ప్రారబ్ధం”. రెండవ మాట “కదలకుండా విశ్రాంతి తీసుకో నాయనా”. మొదటిది అర్ధసత్యం. రెండవది, ప్రేమతో పలికినదే అయినా, ఈ వ్యాధి విషయంలో హానికరం.

ప్రారబ్ధాన్ని గూర్చి కొంత నిలిచి విచారించాలి. సంచితం, ఆగామి, ప్రారబ్ధం అని కర్మను మూడుగా విభజించిన ఆచార్యులు ప్రారబ్ధాన్ని వింటి నుండి వెడలిన బాణంతో పోల్చారు. ఆ ఉపమానం జ్ఞానికి కూడా దేహం ఎందుకు నిలిచి ఉంటుందో వివరించడానికి వచ్చినది. రోగి మంచం దిగకుండా ఉండడానికి సమర్థనగా వచ్చినది కాదు. వ్యాధి రావడం ప్రారబ్ధమైతే కావచ్చు. వచ్చిన వ్యాధికి తెల్లవారి ఏమి చేస్తాడన్నది ప్రారబ్ధం కాదు, అది నేటి కర్మ. యోగవాసిష్ఠంలో ముముక్షు ప్రకరణంలో గణనీయమైన భాగం ఈ విషయానికే వెచ్చించబడింది. దైవమనేది వెనుకటి పురుషకారమే తప్ప వేరు కాదని, నిన్నటి ప్రయత్నమూ నేటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా తలపడతాయని, బలమైనదే గెలుస్తుందని వసిష్ఠుడు రామునికి బోధిస్తాడు. చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో ఆయుర్దాయాన్ని గూర్చి ఇదే చర్చ వస్తుంది. సర్వమూ నియతమే అయితే ఔషధానికి, పథ్యానికి, ప్రమాదాల నుండి తప్పుకోవడానికి అర్థమే ఉండదని అక్కడి తాత్పర్యం. వైద్యుడూ వేదాంతీ ఒకే మాట చెప్పిన తరువాత కూడా ‘నా రాత’ అనుకొని పడుకోవడం వైరాగ్యం కాదు, తామసం.

“దేహమే మిథ్య, దానికి వ్యాయామమెందుకు?” అన్న ప్రశ్న ఇంకొంచెం చదువుకున్నవారి నుండి వస్తుంది. భగవద్గీత పదమూడవ అధ్యాయం దేహాన్ని క్షేత్రమన్నది, ఎరిగేవానిని క్షేత్రజ్ఞుడన్నది. క్షేత్రమంటే పొలం. పొలం తనది కాదని తెలిసిన కౌలు రైతు దున్నడం మానుకోడు. కౌలు గడువు ఉన్నంతకాలం సొంతదారు కంటె జాగ్రత్తగా దున్నుతాడు. బీడు పెడితే నేల గట్టిపడుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక దున్నడం ఎలా అన్నది. వెన్నెముక శోథవ్యాధుల నిపుణులు, ఐరోపా రుమటాలజీ సంఘాల సమాఖ్య కలిసి వెలువరించిన మార్గదర్శకాలు (2016లో ఒకసారి, 2022లో మరొకసారి సవరించినవి) మందులతో పాటు మూడు విషయాలను రోగులందరికీ విధించాయి: వ్యాధిని గూర్చిన బోధ, నిత్యవ్యాయామం, ధూమపాన పరిత్యాగం. వాపును తగ్గించే మాత్రలు, అవి చాలనివారికి టి.ఎన్.ఎఫ్.నో ఇంటర్‌ల్యూకిన్–17నో నిరోధించే ఇంజెక్షన్లు నేడు ఉన్నాయి. వాటి వల్ల ఎందరి జీవితాలో మారాయి. వ్యాయామం వాటికి ప్రత్యామ్నాయం కాదు. మందు వాపును అణచుతుంది. వంగడం, తిరగడం, రొమ్ము విప్పడం మరువకుండా దేహానికి గుర్తుచేసేది వ్యాయామం. వెన్నును నిటారుగా సాగదీసేవి, మెడను పక్కలకు తిప్పేవి, భుజాలను వెనుకకు లాగేవి, తుంటిని విప్పేవి, లోతైన శ్వాసతో పక్కటెముకలను కదిపేవి, వీటికి తోడు నడక, ఈత వంటివి – రోజూ చేయవలసినవి ఇవే.

ఫలితాన్ని గూర్చి అతిశయోక్తి తగదు. 2019లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 14 పరిశోధనలను, 1579 మంది రోగుల ఫలితాలను పరిశీలించి, వ్యాయామం వల్ల కార్యసామర్థ్యం కొంత మెరుగుపడుతుందని, నొప్పి తగ్గవచ్చని తేల్చింది. ‘కొంత’ అన్న మాటను దాచి ప్రచారం చేసేవారు రోగికి మేలు చేయరు. కాని ప్రతి ఉదయమూ లభించే ఆ కొంత, చెప్పులు తానే తొడుక్కోగలగడం, వెనుక నుండి పిలిస్తే మెడ తిప్పగలగడం వంటి రూపాలలో వస్తుంది. స్కాండినేవియా దేశాలలో 100 మంది రోగులపై జరిగి 2020లో వెలువడిన మరొక పరిశోధన మూడు నెలల తీవ్రవ్యాయామం వ్యాధి ఉద్ధృతినే తగ్గించిందని చూపింది. వాపు ఉన్న దేహాన్ని సుకుమారంగా మాత్రమే చూడాలన్న పాత అభిప్రాయాన్ని అది కదిలించింది. శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలన్న సుశ్రుతుని నియమం ఇక్కడ విరోధమనిపించవచ్చు. ఆ నియమపు కీలకం సగం అన్న అంకెలో కంటె, ఎవరి శక్తి ఎంతో కొలిచి చూడడంలో ఉన్నది. స్కాండినేవియాలోనూ కొలిచేవారు దగ్గర ఉండే చేయించారు.

కొలిచేవారు దగ్గర ఉండడం, ఇదే అసలు చిక్కు. 2008 నాటి కాక్రేన్ సమీక్ష ఇంకొక సంగతి చెప్పింది. ఇంట్లో ఒంటరిగా చేసే వ్యాయామం ఏమీ చేయకపోవడం కంటె మేలు; శిక్షకుని పర్యవేక్షణలో బృందంగా చేసేది ఒంటరిగా చేసేదాని కంటె మేలు. సత్సంగ మహిమ ఎరిగినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. బ్రిటన్‌లో ఈ రోగుల కోసం 1976లో స్థాపితమైన జాతీయ సంఘం ఊరూరా శాఖలు పెట్టి, వారానికొక సాయంత్రం ఆసుపత్రి వ్యాయామశాలలోనో వెచ్చని నీటి కొలనులోనో రోగులను కూర్చి, ఫిజియోథెరపిస్టు చేత సాధన చేయిస్తూ వచ్చింది. ఈ వ్యాధి తీవ్రతను, కార్యసామర్థ్యాన్ని, వెన్ను చలనాన్ని అంచనా వేయడానికి నేడు లోకమంతటా వాడే ప్రమాణాలు ఆ దేశంలోని బాత్ నగరంలోనే రూపొందాయి. ఉష్ణగుండాలకు పేరు పొందిన ఆ ఊరు తన పేరులోనే స్నానాన్ని ధరించింది. సమంగా తీరాన్ని స్మరించేవారికి ఈ సామ్యం ముచ్చట గొలుపుతుంది. అంతకు మించి దానిపై సిద్ధాంతాలు కట్టనక్కరలేదు.

తెలుగునాట పరిస్థితి వేరు. రుమటాలజీ నిపుణులు హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలోనే ఎక్కువగా లభిస్తారు. ఈ వ్యాధిని ఎరిగిన ఫిజియోథెరపిస్టులు అంతకంటె అరుదు. మారుమూల గ్రామంలోని యువకుడు మొదట వాతమని, తరువాత డిస్కు జారిందని విని, తైలమర్దనాలూ నడుము బెల్టులూ దాటి అసలు పేరు తెలుసుకునేసరికే కొన్ని సంవత్సరాలు గడిచిపోతాయి. తెలిసిన పిమ్మట వారానికి రెండు రోజులు నగరానికి వెళ్లి వ్యాయామం నేర్వమంటే, ఆరేడు గంటల బస్సు ప్రయాణం పోనూ రానూ చేయాలి. కదలకుండా కూర్చోవడమే శత్రువైన వ్యాధికి చికిత్స కోసం అన్ని గంటలు కదలకుండా కూర్చోవాలన్నమాట.

ఈ స్థితిలో దూరస్థ వ్యాయామ చికిత్స ఆదరించదగినది. శిక్షకుడు నగరంలో ఉంటాడు. రోగి తన ఇంటి నట్టింట చాప పరచుకొని, ఎదురుగా స్మార్ట్‌ఫోన్ నిలిపి, అతడు చూస్తుండగా చేస్తాడు. 2020 మార్చిలో భారత ప్రభుత్వం వైద్యులకు దూరవైద్య మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్యవృత్తులకు 2021లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇ–సంజీవని అన్న పేరుతో ప్రభుత్వ దూరవైద్యసేవ గ్రామీణులకు పరిచితమే. సాధనం సిద్ధంగా ఉన్నది. దానిని ఎలా వాడాలన్న దగ్గరే వివేకం కావాలి.

కురుక్షేత్రాన్ని దూరం నుండి చూసి చెప్పిన సంజయుడే తొలి ప్రత్యక్ష ప్రసారకుడని సభలలో చమత్కరించడం పరిపాటి అయింది. చమత్కారం సరే, ఆ ప్రసారం విన్నవాడెవడు? ధృతరాష్ట్రుడు. పద్దెనిమిది అధ్యాయాల గీత చెవిన పడినా అతడు ఆసనం నుండి కదలలేదు. వ్యాయామ వీడియోలు దాచుకొని, మంచం మీద పడుకొని చూసే రోగికి ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. శ్రవణం సాధన కాదు.

రెండవ దృష్టాంతం ఏకలవ్యునిది. గురువు లేకున్నా గురువు బొమ్మ ఎదుట సాధించవచ్చునని, కనుక వీడియో చూసి ఎవరైనా నేర్వవచ్చునని వాదించేవారున్నారు. ఏకలవ్యుడు అసాధారణుడు. సామాన్య సాధకుని విషయంలో మట్టిబొమ్మకు ఒక పెద్ద లోపం ఉన్నది: అది తప్పు దిద్దదు. ముందుగా చిత్రించి పెట్టిన వీడియో మట్టిబొమ్మ. గడువు ప్రకారం తెర మీదికి వచ్చి, “భుజం పైకి లేస్తున్నది, దించండి, మెడ అంతకు మించి తిప్పవద్దు, నిన్న ఎందుకు చేయలేదు?” అని అడిగే శిక్షకుడు గురువు. దూరం రెండింటిలోనూ సమానమే. భేదం చూపులో ఉన్నది. దూరస్థ చికిత్స అన్న ఒకే పేరుతో ఈ రెండింటినీ కలిపి అమ్మడం సరికాదు. పర్యవేక్షణ లేని యాప్‌కూ, పేరు పెట్టి పిలిచి తప్పు పట్టే మనిషికీ ఒకే విలువ కట్టడం తోలు చూసి వెల కట్టడం వంటిదే.

ఆ చూపుకు కూడా హద్దులున్నాయి. శిక్షకుడు తెర మీదుగా రోగి వెన్నును తాకలేడు; కీలు ఎక్కడ ఆగుతున్నదో చేతితో తెలుసుకోలేడు. అందువల్ల మొదటి పరీక్ష ముఖాముఖిగానే జరగాలి. వైద్యుడు రోగనిర్ధారణ చేసి, వెన్ను ఎంత అతుక్కున్నదో, ఎముక ఎంత గుల్లబారిందో చూసి, ఏది చేయవచ్చునో ఏది కూడదో చెప్పిన తరువాతనే తెర ముందుకు రావాలి. ఏడాదికి ఒకటి రెండు మార్లయినా తిరిగి ప్రత్యక్షంగా కలవాలి. మధ్యకాలంలో కొలతలు ఇంట్లోనే తీయవచ్చు. గోడకు మడమలు, వీపు ఆనించి నిలబడితే తల వెనుక భాగానికీ గోడకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉన్నదో ఇంటివారు స్కేలుతో చూడవచ్చు. పక్కకు వంగినప్పుడు వేలికొన నేలకు ఎంత ఎత్తున ఆగిందో, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము చుట్టుకొలత ఎంత పెరిగిందో టేపుతో కొలవవచ్చు. నెలకొకసారి నోటుబుక్కులో వ్రాసి పెట్టిన ఆ అంకెలు శిక్షకునికి ఎంతో చెబుతాయి.

ఇక భక్తులలోనే కనవచ్చే మరొక ప్రమాదం. వ్యాయామమంటే విదేశీయమని, యోగాసనాలు ఉండగా ఇదెందుకని అనుకోవడం. ఆసనాలలో ఈ రోగికి ఉపకరించేవి తప్పక ఉన్నాయి. శ్వాసాభ్యాసం రొమ్మును కదిపే విషయంలో నిస్సంశయంగా సహాయకారి. కాని ఆసనం పవిత్రమైనది గనుక ప్రతి దేహానికీ క్షేమమేనన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. వెన్ను అతుక్కున్నవానికి శీర్షాసనం, హలాసనం, బలవంతాన మెడను వంచే భంగిమలు ప్రాణాంతకం కాగలవు. పైకి గట్టిపడినట్టు కనిపించే ఆ వెన్ను లోపల పెళుసుగా ఉంటుంది. సామాన్యులకు ఏమీ కాని చిన్న జారుడుపాటుకే మెడ వద్ద విరగవచ్చు. పడిన తరువాత మెడలో కొత్త నొప్పి వచ్చినా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా అది తెర మీద చర్చించే విషయం కాదు. మెడ కదల్చకుండా ఆసుపత్రికి చేర్చాలి.

భాగవతం దశమస్కంధంలో మథురా వీథిలో కుబ్జ కథ వస్తుంది. కృష్ణుడు ఆమె పాదాలను తన పాదంతో అదిమి, గడ్డం కింద రెండు వేళ్లు ఉంచి పైకెత్తగానే మూడు వంకరలు తీరి నిలుస్తుంది. పోతనామాత్యుని తెలుగులో ఈ ఘట్టం విని పులకించని భక్తుడు ఉండడు. అయితే మెడ పట్టి ‘టక్’మని విరిచి వంకర తీస్తామనే వీథి వైద్యులు కృష్ణులు కారు. ఒక్క క్షణంలో సరిచేయడం భగవల్లీల. మనుష్యునికి మిగిలినది అష్టావక్రుని మార్గం: చెప్పిన నదిలో తానే దిగడం. అతనికి ఒక్క మునక చాలింది. ఈ రోగి ప్రతి ఉదయమూ దిగాలి. అలా దిగినా అవయవాలు పూర్తిగా సమమవుతాయన్న మాట ఎవరూ ఇవ్వలేరు. కదిలేది కదిలేలా నిలుపుకోవడం, వంగే వెన్ను వంగితే నిటారుగానే బిగిసేలా చూసుకోవడం, సాధకుని వశంలో ఉన్నది అంతవరకే. ఫలాసక్తి లేని కర్మ అన్న మాటకు ఇంతకంటె నిష్ఠురమైన అభ్యాసక్షేత్రం ఊహించడం కష్టం. వ్యాధి ఉద్ధృతమైన నెలలో, శ్రద్ధగా చేసినా గోడకూ తలకూ మధ్య దూరం పెరగవచ్చు. మరునాడు మళ్లీ చాప పరచాలి.

ఇంటిని గూర్చి ఒక మాట. దూరస్థ చికిత్స ఇంట్లో జరుగుతుంది గనుక సులభమని తలుస్తారు. పురుషునికి చాలావరకు నిజమే. ఈ వ్యాధి స్త్రీలకు కూడా వస్తుంది. మగవారి జబ్బన్న పాత అపోహ వల్ల వారిలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. పాలు పొంగించి, పిల్లలను బడికి సిద్ధం చేసి, అత్తమామలకు కాఫీ ఇవ్వవలసిన వేళకే కోడలి నడుము అన్నిటికంటె బిగిసి ఉంటుంది. ఆ వేళ ఆమె ఫోన్ ముందు చేతులు చాచి అరగంట గడిపితే ఆ ఇల్లు ఏమంటుందో తెలియనిది కాదు. సంధ్యావందనానికి కూర్చున్న తండ్రిని ఎవరూ కదిలించని ఇంట్లో, ఈ అరగంటకు కూడా అంత గౌరవం దక్కాలి. వైద్యుడు వ్రాసే మందుచీటీలో ఆ గౌరవం ఉండదు. ఇంటి పెద్దలే ఇవ్వాలి.

ఫోన్ లేనివారు, ఇంట్లో చాప పరచే చోటైనా లేనివారు, ఒంటరిగా చేయలేక మానుకునేవారు ఉన్నారు. వారి విషయంలో దేవాలయాలు, మఠాలు ముందుకు రావచ్చు. అనేక పట్టణాలలో తిరుమల తిరుపతి దేవస్థానాల కల్యాణ మండపాలున్నాయి. చిన్న ఊళ్లలోనూ రామమందిరపు వసారాలున్నాయి. ముహూర్తాలు లేని రోజులలో ఉదయం వేళ అవి ఖాళీగానే ఉంటాయి. అక్కడ ఒక పెద్ద తెర, చదునైన నేల, పట్టుకొని లేవడానికి ఒక గట్టి కుర్చీ ఉంటే చాలు: చుట్టుపట్ల మండలాల నుండి ఐదారుగురు రోగులు వారానికి రెండు మార్లు చేరవచ్చు, నగరంలోని శిక్షకుడు తెర మీద నుండి అందరినీ ఒకేసారి చూడవచ్చు. పడబోతే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు. ఒకడు రాకపోతే మిగిలినవారు అడుగుతారు. బ్రిటన్‌లో కొలను గట్టున జరిగే బృందసాధనకు తెలుగునాట ఇది సరితూగే రూపం కాగలదు.

కోవెలలో కసరత్తులేమిటని ఆక్షేపించేవారు గుంటూరు సీమలోని మల్కాపురం శిలాశాసనాన్ని ఒకమారు చూడాలి. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వెలసిన ఆ శాసనంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి చేసిన దానాల వివరాలున్నాయి. విద్యార్థుల చదువుతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఆ మఠ ధర్మాలలో లెక్కకు వచ్చాయి. గర్భిణిని, రోగిని శివాలయపు ఆవరణలోకి చేర్చుకున్నవారికి అది అపచారమనిపించలేదు. ఆ ఆరోగ్యశాలలో ఒక మంచం వేయడానికి పట్టినంత స్థలం చాలు, ఇక్కడ ఒక చాపకు.